యజమాని స్వయంగా రావలెను

పటమట, విజయవాడ,
జూన్.

అక్కా,

నువ్వు మఠంలో చేరి ఏడాది నిండిన శుభసందర్భంలో, నీ ఏకైక తమ్ముడు జాన్ పాల్, బీఎస్సీ స్టాటిస్టిక్స్, ఉద్యోగస్థుడయ్యాడని తెలియజేయటానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. ఫోన్లు తాళం వేసి ఉంచే చోట ఉన్నావు కనుక ఈ వార్త నీకు కాగితం మీద, అదీ మదర్ తెరేసమ్మ గారు కవరు విప్పి ఆసాంతం చదివిన తర్వాత అందుతుంది. (మదర్ గారికి నమస్కారములు. నా దస్తూరీ ఇంతేనండి, బడిలో కూడా ఇంతే.)

ఉద్యోగ వివరాలు. బెజవాడలో అడ్డదిడ్డంగా నిలిపిన బండ్లను ఎత్తుకుపోయే లారీ ఒకటి ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. ఇకమీదట పార్కింగ్ విషయంలో కఠినంగా ఉండాలని పెద్దలు తీర్మానించారు. లారీలు పెరిగాయి. లారీకొక డ్రైవరు, ఎత్తటానికి ఇద్దరు, అరవటానికి ఒకరు కావాల్సి వచ్చింది. ఆ అరిచేవాణ్ణి నేను.

ఇంటర్వ్యూలో కాంట్రాక్టరు గారు నా డిగ్రీ చూడలేదు. "గొంతుందా?" అని మాత్రం అడిగారు. ఆదివారం పూజలో చదివే పద్ధతిలో "యెషయా గ్రంథము నుండి పఠనము" అని వినిపించాను. "చాల్లే, రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు. ప్రవక్తకు నేను రుణపడి ఉన్నాను.

పని ఇలా ఉంటుంది. లారీ బండి పక్కన ఆగుతుంది. నేను మైకులో, "ఏపీ పదహారు, ఎర్ర స్కూటరు. యజమాని ఎక్కడ ఉన్నా వెంటనే వచ్చి బండి తీయవలెను. మొదటి ప్రకటన" అంటాను. తర్వాత రెండోది. మూడో ప్రకటనకు కూడా ఎవరూ రాకపోతే బండి లారీ ఎక్కుతుంది. అప్పుడొస్తాడు యజమాని, సగం గడ్డం గీయించుకుని, మెడలో మంగలి గుడ్డతో, పరిగెత్తుకుంటూ.

మా శాఖకు రెండు మూలసూత్రాలున్నాయి. ఒకటి, యార్డులోంచి బండి విడిపించుకోవాలంటే యజమాని స్వయంగా రావలెను, బావమరిదిని పంపితే చెల్లదు. రెండు, లోపల మనిషి కూర్చుని ఉన్న బండిని ఎత్తరాదు. ఎత్తితే అది పార్కింగ్ కేసు కాదు, కిడ్నాపు.

అమ్మ కులాసా. నాన్న కులాసా. మన తెల్ల కారు కూడా కవరు కప్పుకుని, నువ్వు వదిలి వెళ్లిన చోటే, ఇంటి ముందు కులాసాగా ఉంది.

ఇట్లు,
నగరానికి గొంతైన నీ తమ్ముడు,
జాన్ పాల్.


అవనిగడ్డ దగ్గర, మఠం,
జులై.

జానూ,

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. ఇక్కడ మా గుంపు అమ్మాయిలందరూ నీ కోసం ఒక జపమాల చెప్పారు. నువ్వు ఎత్తుకెళ్లే బండ్ల వాళ్ల కోసం ఇంకొకటి చెప్పారు.

మదర్ గారు ఉత్తరాలు వచ్చిన రోజే చదివి ఇచ్చేస్తారు. నీది మాత్రం రెండు రోజులు తన దగ్గరే పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. ఆవిడ ఎవరితోనూ ఏమీ అనరు.

అసలు సంగతికి వస్తాను. నా మాటపట్టు డిసెంబరు ఎనిమిదిన ఖాయమయింది. ఆ రోజు బిషప్ గారి ముందు మాట ఇచ్చి సిస్టర్ని అవుతాను. ఇక్కడొక పద్ధతి ఉంది. పూజ మొదట్లో ఒక్కో అమ్మాయినీ అమ్మా నాన్నా చెరోపక్కన ఉండి గుడి తలుపు దగ్గర్నుంచి పీఠం దాకా నడిపిస్తారు. వెలిగించిన కొవ్వొత్తి నాన్న పట్టుకొచ్చి పీఠం దగ్గర కూతురి చేతికిస్తాడు. నిరుడు ఒకమ్మాయి తరఫున ఎవరూ రాలేదు. మదర్ గారే పక్కన నడిచారు. గుడి నిండా జనం ఆ అమ్మాయినే చూశారు.

నాన్నకు నేను రాసిన ఉత్తరాలకు ఇంతవరకూ జవాబు లేదు. నువ్వు "కులాసా" అని ఒక్క మాట రాశావు. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల బండ్లు నడిపి, నా పెళ్లికి నన్ను కూర్చోబెట్టి తానే నడుపుతానని కొనుక్కున్న కారు అది. నేను ఇటు వచ్చాక దాని కవరు తీయలేదని నీ ఉత్తరంలోనే అర్థమైంది.

నాన్న వస్తాడా రాడా? సూటిగా చెప్పు.

నీ అక్క,
స్టెల్లా.


పటమట,
ఆగస్టు.

అక్కా,

నీ సూటి ప్రశ్న అందినది. పరిశీలనలో ఉన్నది. ఈలోగా నగరం ఎదుర్కొంటున్న నిమ్మకాయల సమస్యను నీ దృష్టికి తేవటం నా విధి.

మా లారీ డ్రైవరు దుర్గాప్రసాద్. చేయి తిరిగినవాడు, ఎంత ఇరుకు సందులో అయినా లారీని వెనక్కి తీసుకురాగలడు. పోయిన నెల బీసెంట్ రోడ్డు పక్క సందులో రోడ్డుకు సగం అడ్డంగా ఒక కొత్త మోటారు సైకిలు ఉంది. బంతిపూల దండ, కుంకుమ, రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించకుండానే ఎవరో టిఫినుకు వెళ్లినట్టున్నారు. మూడు ప్రకటనలూ అయ్యాయి. దుర్గాప్రసాద్ స్టీరింగు మీదనుంచి చెయ్యి తీయలేదు.

"నేనెత్తను."

"ఎందుకు?"

"నిమ్మకాయ నలిగేదాకా ఆ బండి ఓనరుది కాదయ్యా, అమ్మవారిది. అమ్మవారికి చలానా నువ్వు రాస్తావా?"

"ఎస్సై గారికి ఏం చెప్పాలి?"

"మనకు కనపడలేదని చెప్పు."

ఇదంతా ఎదురు కొట్టులో గాజులమ్మే ఆయన చూస్తూనే ఉన్నాడు. వారం తిరిగేసరికి ఆ సందులో ప్రతి బండి చక్రాల కిందా నిమ్మకాయలే. సైలెన్సరు ఊడిపోయి కట్టుతీగతో కట్టిన స్కూటరుకు కూడా మెడలో దండ. ఒక నిమ్మకాయల తోపుడు బండి మా లారీ వెనకాలే తిరగటం మొదలెట్టింది. దాన్ని కూడా నో పార్కింగులోనే ఆపేవాడు, దాని చక్రాల కింద కూడా నిమ్మకాయలే.

ఎస్సై గారు మమ్మల్ని వరసగా నిలబెట్టి చూశారు. దుర్గాప్రసాద్ వినయంగా, "మన జాన్ ఉన్నాడు కదండీ, చర్చికెళ్లే మనిషి, ఆయనకు దోషం పట్టదు" అన్నాడు. ఆ విధంగా నేను నిమ్మకాయల తొలగింపు అధికారిగా నియమితుణ్ణయ్యాను. నాకు పట్టదని వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. మొదటి నిమ్మకాయ తీసేలోగా లోలోపల ఒక పరలోక జపం పూర్తయింది. తీసినదాన్ని పారేయను, ఆ బండి సీటు మీదే మర్యాదగా పెడతాను. ఇప్పుడు ఆటోనగర్ దాకా నా పేరు నిమ్మకాయల జాన్. (మదర్ గారూ, ఇందులో పాపమేమైనా ఉంటే ఒక ముక్క రాయించగలరు.)

ఇదంతా ఒక రోజు ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. నాన్న నా ఉద్యోగం గురించి మొదటిసారి నోరు విప్పాడు.

"నిమ్మకాయ ఉంటే ఎత్తరా?"

"ఎత్తటం కష్టం నాన్నా."

"ఎన్ని పెట్టాలి?"

"చక్రానికొకటి."

మజ్జిగ తాగి లేచాడు.

నీ తమ్ముడు,
జాన్ పాల్.


అవనిగడ్డ దగ్గర,
సెప్టెంబరు.

జానూ,

నాలుగు పేజీలు రాశావు. అందులో నాన్న మాట్లాడినవి రెండు ముక్కలు, అవీ నిమ్మకాయల గురించే.

నాన్న రాకపోయినా ఫర్వాలేదు. ఇక్కడ అంతా బాగుంది. వరి పొట్టకొచ్చింది. కాలవ గట్టు మీద ఆకుకూరలు వేశాం.

పాపం సంగతి మదర్ గారు ఏమీ చెప్పలేదు. ఉత్తరం నా చేతికిస్తూ, "చలానాకు ముందు మూడుసార్లు పిలుస్తారా, నిజంగానే?" అని మాత్రం అడిగారు. పిలుస్తారని చెప్పాను.

స్టెల్లా.


పటమట,
అక్టోబరు.

అక్కా,

"ఫర్వాలేదు" అని నువ్వు రాశావంటే ఫర్వా ఉందని చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు. కాబట్టి పరిశీలనలో ఉన్న ఫైలును తెరుస్తున్నాను.

నేను భోజనాల దగ్గర నోరు జారిన మర్నాడే మన కారు కవరు కింద నాలుగు చక్రాలకూ నాలుగు నిమ్మకాయలు వెలిశాయి. వాడిపోతే మారుస్తున్నాడు. వాడినవి అమ్మ పులిహోరలో పిండుతోంది, కడిగే పిండుతున్నానని ప్రమాణం చేసింది. మన ఉపదేశి బాలశౌరి గారు గుడికి వెళ్తూ ఆగి, "ఏంటండీ అంతోని గారూ, మనం చేయాల్సిన పనేనా ఇది?" అని అడిగారు. నాన్న, "నిమ్మకాయకు మతమేంటయ్యా బాలశౌరీ, మీ ఇంట్లో పచ్చడి పెట్టుకోరా?" అన్నాడు. ఉపదేశి గారు ఆలోచించి, పెట్టుకుంటామని ఒప్పుకుని వెళ్లిపోయారు.

ఎదురింటి సుబ్బరత్నం గారు ఒప్పుకోలేదు. మన కారు వల్ల వాళ్ల మనవరాలి స్కూలు వ్యాను సందులో తిరగటం లేదు. అది నిజమే, నేను కొలిచి చూశాను. ఆవిడ అర్జీ పెట్టారు. మా లారీ వచ్చింది. అందులో నేనే ఉన్నాను.

దుర్గాప్రసాద్ కవరెత్తి చూశాడు. "ఏవయ్యా జానూ, ఇది మీ కిరస్తానం నిమ్మకాయ. దీన్ని నేను తియ్యొచ్చా, ఇదీ నువ్వే తియ్యాలా?"

ఆ ప్రశ్నకు మా నిబంధనల్లో సమాధానం లేదు. మైకు తీసుకున్నాను. సొంత ఇంటి ముందు, సొంత తండ్రి బండి నెంబరు, యెషయా గొంతుతో చదివాను. మొదటి ప్రకటనకు అమ్మ బయటికొచ్చి, లోపలికెళ్లింది. రెండో దానికి సుబ్బరత్నం గారు కుర్చీ తెచ్చుకున్నారు. మూడోది పూర్తికాకముందే నాన్న పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. కవరు సగం పైకి మడిచాడు. డ్రైవరు సీట్లో కూర్చుని పేపరు విప్పాడు.

"ఇప్పుడెత్తండి" అన్నాడు.

రెండో మూలసూత్రం కూడా ఆ భోజనాల దగ్గర నేను చెప్పిందే.

అప్పట్నుంచి మా లారీ చప్పుడు వినిపిస్తే చాలు, నాన్న వెళ్లి కార్లో కూర్చుంటున్నాడు. ఈమధ్య లారీ రాకపోయినా కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం భోజనం అమ్మ అక్కడికే పట్టుకెళ్తోంది. కిటికీలోంచి కంచం లోపలికి వెళ్తుంది, ఖాళీ కంచం బయటికొస్తుంది.

ఒక రోజు కిటికీ దగ్గర నిలబడి డిసెంబరు సంగతి అడిగాను. పేపరు దించకుండానే అన్నాడు: "రానని రాయి. నా బండి ఎక్కను పొమ్మన్న పిల్లకి నేను కొవ్వొత్తి ఇచ్చేదేంటి?"

ఇదీ సమాధానం. నువ్వు సూటిగా అడిగావు. నేను వంకరగా ఆలస్యం చేశాను.

ఈ ఏడాది ఆఖరులోగా ఇంకో ఉత్తర్వు వస్తోంది. నడవకుండా రోడ్డు మీద పడున్న బండ్లను, లోపల ఎవరున్నా దింపి, పోలీసు సమక్షంలో తీసేస్తారు. నడిచే బండ్ల జోలికి రారు. నాన్నకు ఇంకా చెప్పలేదు.

జాన్ పాల్.


అవనిగడ్డ దగ్గర,
నవంబరు.

జానూ,

నాన్న బండి ఎక్కనని నేను ఎప్పుడూ అనలేదు.

నేను బయల్దేరిన రోజు పొద్దున నువ్వు కాలేజీకి వెళ్లిపోయావు, నీకు తెలియదు. సంచి పట్టుకుని నేను కారు పక్కనే నిలబడ్డాను. నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. లేచి తాళాలు తెస్తాడని చూశాను. అడిగితే కాదంటాడేమోనని అడగలేదు. నేను అడుగుతానని ఆయన చూశాడో ఏమో, పేజీ కూడా తిప్పలేదు. అమ్మ ఆటో పిలిచింది. ఎక్కాను. అంతే జరిగింది.

ఇది ఆయనకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. కానీ ఒక్క మాట. నీ తెలివితేటలతో మాయచేసి నాన్నను ఇక్కడికి తీసుకురావద్దు. వస్తే తెలిసి రావాలి. రాకపోతే మదర్ గారు నా పక్కన నడుస్తారు. పోయినసారి ఉత్తరంలో ఫర్వాలేదని రాశాను. అది నిజం కాదు. నాన్న రావాలని ఉంది.

స్టెల్లా.


పటమట,
డిసెంబరు మొదటి వారం.

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజు నాన్న డ్యూటీలో ఉన్నాడు, అంటే కార్లో కూర్చున్నాడు. నేను పక్క తలుపు తీసుకుని ఎక్కాను. నువ్వు రాసింది చదివాను, యెషయా గొంతుతో కాదు, మామూలు గొంతుతో. అంతా విన్నాడు. కిటికీ అద్దం పైకెత్తాడు. ఉక్కపోసి నేను దిగిపోయాను. ఆయన సాయంత్రం దాకా దిగలేదు.

మర్నాడు చక్రాల కింద నిమ్మకాయలు లేవు. కారు కూడా లేదు. ఆటోనగర్‌కు తోయించుకెళ్లాడు. తోసినవాళ్లలో దుర్గాప్రసాద్ ఉన్నాడు, సెలవు పెట్టి మరీ. వారం తర్వాత కారు తన కాళ్ల మీద తాను ఇంటికొచ్చింది. సుబ్బరత్నం గారి గేటు ముందు నాన్న రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆవిడ, "పోన్లెండి, బతికింది" అన్నారు.

అప్పుడు కొత్త ఉత్తర్వు గురించి చెప్పాను.

"ఇది నడిచే బండేరా, చూశావుగా."

"ఆటోనగర్ నుంచి పటమట నడక కిందికి రాదు నాన్నా. దూరం వెళ్లి రావాలి."

"ఎంత దూరం?"

"అది యజమాని ఇష్టం. ఎనిమిదో తారీఖున అమ్మ అవనిగడ్డ వెళ్తోంది, బస్సులో నిలబడాలి."

మాయ అనుకునేవు, ఆయనకు మొదటి మాటకే తెలిసిపోయింది. "డ్రైవరుగా వస్తా. మీ అమ్మను దింపుతా. గేటు దాటను" అన్నాడు. నేను ఆ షరతును ఆమోదించాను.

నేను రాలేను. పండగ కొనుగోళ్ల రద్దీ కాబట్టి ఆ ఆదివారం స్పెషల్ డ్రైవు, మైకు నాదే. నిమ్మకాయలు కూడా కారు డిక్కీలో ప్రయాణం చేస్తున్నాయి, అవనిగడ్డలో చట్టం ఎలా ఉంటుందో తెలియదని నాన్న ముందు జాగ్రత్త. (మదర్ గారూ, ఆయన మాటంటే మాటే. గేటు దాటనన్నాడంటే దాటడు. బతిమాలితే ఇంకా బిగుసుకుంటాడు. మా శాఖ అనుభవంలో ఆయన్ని కదిలించింది మైకు ఒక్కటే, అది కూడా కార్లో కూర్చోబెట్టటానికే పనికొచ్చింది.)

నడిచేటప్పుడు కింద చూడకు, తడబడతావు.

నీ తమ్ముడు,
జాన్ పాల్.


అవనిగడ్డ దగ్గర, మఠం,
డిసెంబరు.

ప్రియమైన నిమ్మకాయల జాన్ గారికి,

నీ ఆఖరి ఉత్తరం నాకు మాటపట్టు అయిన మర్నాడు అందింది. అప్పటిదాకా మదర్ గారు తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు. కాబట్టి నాన్న వస్తున్నట్టు గానీ, గేటు దాటనన్నట్టు గానీ నాకు తెలియదు. అమ్మ ఒక్కతే లోపలికి రావటం చూసి, సరే అనుకున్నాను.

అమ్మ చెప్పిన ప్రకారం నాన్న కారును గేటుకు సరిగ్గా అడ్డంగా ఆపాడు. అక్కణ్ణుంచి గుడి తలుపు బాగా కనిపిస్తుందట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, లోపల కూర్చుని, అద్దాలు ఎత్తుకున్నాడు. కాసేపటికి వెనక బిషప్ గారి కారు వచ్చి ఆగింది. వాళ్ల డ్రైవరు దిగి అడిగితే నాన్న అద్దం రెండంగుళాలు దించి, "లోపల మనిషున్నాడండీ, కదల్చకూడదు. రూలుంది" అన్నాడట. బిషప్ గారు దిగి నడిచే వచ్చారు.

నేను తలుపు దగ్గర వరసలో ఉన్నాను. ఒక పక్క అమ్మ. రెండో పక్క నిలబడాల్సిన మదర్ గారు, వెలిగించిన కొవ్వొత్తి నా చేతికిచ్చి, ఎటో వెళ్లిపోయారు. తర్వాత మైకు గురగురమంది. జానూ, మదర్ గారు గట్టిగా మాట్లాడగా ఇక్కడెవరూ వినలేదు.

"ఏపీ పదహారు, తెల్ల కారు. యజమాని అంతోని గారు ఎక్కడ ఉన్నా వెంటనే లోపలికి రావలెను. మొదటి ప్రకటన."

గుడి బయట లౌడుస్పీకర్లు ఊరి వైపు తిప్పి ఉన్నాయి. పొలాల్లో వాళ్లు కూడా విన్నారు.

రెండో ప్రకటన కూడా అదే. నువ్వు రాసిన పద్ధతిలోనే. గేటు దగ్గర కారు తలుపు తీసిన చప్పుడు కాలేదు.

"మూడో ప్రకటన. ఏపీ పదహారు, తెల్ల కారు. యజమాని కుమార్తె తలుపు దగ్గర నిలబడి ఉన్నది."

నాన్న తాళాలు ఊపుకుంటూ వచ్చాడు. "తీస్తున్నానమ్మా, తీస్తున్నా, ఆ మైకు ఆపండి ముందు" అంటూ వచ్చి నా పక్కన ఆగాడు. మైకు దగ్గరికి వెళ్లాలంటే నన్ను దాటాలి. నా చేతిలో కొవ్వొత్తి చూశాడు. అది తాను పట్టుకోవాల్సిందని అమ్మ చెప్పి ఉంటుంది. తాళాలు నా చేతిలో పెట్టి, కొవ్వొత్తి తీసుకున్నాడు. పాట మొదలైంది. ముగ్గురం నడిచాం. పీఠం దగ్గర కొవ్వొత్తి నాకిచ్చాడు, తాళాలు అడగటం మర్చిపోయాడు. నేను గుప్పిట్లో కారు తాళాలతోనే బిషప్ గారి ముందు మాట ఇచ్చాను.

భోజనాలయ్యాక కారు కదల్లేదు. అద్దాలెత్తుకుని, ఫ్యాను వేసుకుని కూర్చున్నాడు కదా, బ్యాటరీ అయిపోయింది. గేటుకు అడ్డం తీయాలి. అమ్మాయిలందరూ చీర కొంగులు దోపుకుని వెనక చేరారు. నేనూ చేరబోయాను. నాన్న వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"నువ్వెక్కి కూర్చో. స్టీరింగు నేను చూసుకుంటా."

గేటు దగ్గర్నుంచి ధాన్యం కొట్టు దాకా నన్ను నాన్న కార్లో తీసుకెళ్లాడు. ఇంజను చప్పుడు లేదు. నాలుగు నిమ్మకాయలూ ఒకదాని తర్వాత ఒకటి నలిగాయి. కొట్టు దగ్గర దిగాక, "మెత్తగా ఉందా సీటు?" అని అడిగాడు. ఉందని చెప్పాను.

వాళ్లిద్దరూ సాయంత్రం బస్సుకు బయల్దేరారు. ఈసరికి ఇల్లు చేరి నీకు ఇంకోలా చెప్పి ఉంటారు. నేను రాసిందే సరైనది.

నీ అక్క,
సిస్టర్ స్టెల్లా.

(కింద వేరే దస్తూరీలో)

బాబూ జాన్ పాల్,

నీ ఉత్తరాల్లో నాకు రాసినవన్నీ చదివాను. నిమ్మకాయ తీయటం పాపం కాదు.

మీ నాన్నగారు మెకానిక్‌ను పంపిస్తానని కబురు చేశారు. కుదరదని చెప్పు. బండి మా ఆవరణలో భద్రంగా ఉన్నది, కవరు కప్పించాను. మీ మొదటి మూలసూత్రం ప్రకారం యజమాని స్వయంగా రావలెను. ఆదివారాలు కూతుళ్లను చూడటానికి తల్లిదండ్రులను అనుమతిస్తాం. ఒక్క ఆదివారంలో బాగయ్యే బ్యాటరీ కాదని మా వాచ్‌మన్ అభిప్రాయం.

తెరేసమ్మ.